నాలుగు తప్పులు, రెండు తిట్లు, ఒక నిజం

మా బడి గ్రంథాలయంలో తెలుగులో ఉన్న విజ్ఞాన సర్వస్వం ఒక్కటే సెట్టు. అందులో ‘ర’ అక్షరం కింద రాబందు గురించి ఉన్నది మొత్తం ఇది. ఒక్క మాట మార్చకుండా ఎత్తి రాస్తున్నాను:

“రాబందు మన దేశంలోని గ్రామాలన్నిటిలో సర్వసాధారణంగా కనిపించే పెద్ద పక్షి. దీని తల, మెడ ఈకలు లేక అసహ్యంగా ఉంటాయి. ఎత్తైన చెట్ల మీద పుల్లలతో గూడు కడుతుంది. కుళ్ళిన మాంసం వాసనను ఎంతో దూరం నుంచే పసిగడుతుంది. చచ్చిన పశువులను తిని రోగాలను వ్యాపింపజేస్తుంది. ఇది అత్యాశ గల పక్షి, అశుభానికి గుర్తు. రెక్కలు చాచితే చాలా వెడల్పుగా ఉంటుంది.”

ఏడు వాక్యాలు, పక్కన ఒక బొమ్మ. నేను లెక్క వేశాను. నాలుగు తప్పులు, రెండు తిట్లు, ఒక నిజం. ఆ ఒక్క నిజం చివరి వాక్యం. అది కూడా ఎంత వెడల్పో చెప్పదు. మన వైపు ఉండే పొడుగుముక్కు రాబందుకు రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు రెండు మీటర్లు దాటుతుంది. మన తరగతి గది తలుపును అడ్డంగా పడుకోబెడితే దాదాపు అంత. ఈ మాట రాస్తే ఎంత సిరా ఖర్చవుతుంది?

“పాత పుస్తకం గదా, వదిలెయ్” అని నా స్నేహితులు అన్నారు. నేనూ మొదట అట్లాగే అనుకుని అట్ట తిప్పి లోపలి పేజీ చూశాను. “సవరించిన ముద్రణ” అని పెద్ద అక్షరాలతో ఉంది. ముద్రించిన ఏడాది చూస్తే, రాబందులను చంపుతున్న పశువుల మందును మన ప్రభుత్వం నిషేధించిన తర్వాతది. అంటే దేశమంతా ఈ సంగతి తెలిసిన తర్వాత కూడా, ఎవరో కూర్చుని, ఈ ఏడు వాక్యాలూ చదివి, బాగానే ఉన్నాయని మళ్ళీ అచ్చుకు పంపారు. దాన్ని పాతదనం అనరు, నిర్లక్ష్యం అంటారు.

ఇంకొకరు, “గూగుల్‌లో చూసుకోవచ్చు గదా, పుస్తకంతో పేచీ ఎందుకు” అన్నారు. చంద్రపూర్‌లో తెలుగు మీడియంలో చదివేవాళ్ళకు ఆ మాట సరిపోదు. మన చుట్టూ మరాఠీ పుస్తకాలున్నాయి, హిందీవి ఉన్నాయి, ఇంగ్లీషువి ఉన్నాయి. ఇంగ్లీషులో ఒక పుస్తకం తప్పు రాస్తే పక్కన పది పుస్తకాలు సరిగ్గా రాసి ఉంటాయి. మనకు తెలుగులో ఈ ఒక్క సెట్టే ఉంది. ప్రాజెక్టులకు ఇందులోంచే ఎక్కిస్తాం, వ్యాసరచన పోటీలకు ఇందులోంచే, క్విజ్ ప్రశ్నలు కూడా ఇందులోంచే. ఉన్న ఒక్క బావిలో నీళ్ళు బాగాలేకపోతే “వేరే బావికి పో” అనడం జవాబు కాదు.

క్విజ్ అంటే గుర్తొచ్చింది. పోయిన ఏడాది ఒక పోటీలో “రాబందు ఎక్కడ గూడు కడుతుంది?” అని అడిగారు. మా జట్టు “కొన్ని రకాలు చెట్ల మీద, కొన్ని నిటారు కొండల మీద రాతి అరుగుల్లో” అని చెప్పింది. తప్పన్నారు. సరైన జవాబు “ఎత్తైన చెట్ల మీద” అట. ఎందుకంటే పుస్తకంలో అట్లా ఉంది. రెండు మార్కులు పోయాయి. పోతే పోయాయి. కానీ ఆ రోజు హాల్లో ఉన్న పిల్లలందరూ “చెట్ల మీద” అని నేర్చుకుని ఇళ్ళకు వెళ్ళారు. అది నాకు మార్కుల కన్నా ఎక్కువ బాధ.

ఈ గూటి సంగతే మొదట తీసుకుంటాను. ఏ పక్షి ఎక్కడ గూడు కడితే ఏముంది అనిపిస్తుంది. చాలా ఉంది.

మన దేశంలో తొమ్మిది రకాల రాబందులు కనిపిస్తాయి. వాటిలో పొడుగుముక్కు రాబందు, హిమాలయ రాబందు, గ్రిఫాన్ రాబందు, గడ్డపు రాబందు, తెల్ల రాబందు ముఖ్యంగా కొండ రాళ్ళ మీద గూళ్ళు పెట్టేవి. మిగతా నాలుగు చెట్లవి. తొమ్మిదిలో ఐదింటిని వదిలేసి “చెట్ల మీద” అని రాస్తే అది సగానికి పైగా అబద్ధం. ఇంకో విషయం. పొడుగుముక్కు రాబందును, సన్నముక్కు రాబందును చాలాకాలం ఒకే జాతి కింద లెక్క వేశారు. ఇప్పటికి పాతిక ఏళ్ళ కింద, 2001 ప్రాంతంలో, అవి రెండు వేరు జాతులని విడదీశారు. ముక్కు, తల, మెడ ఇట్లా తేడాలు చాలా ఉన్నాయి. అందరికీ తేలిగ్గా అర్థమయ్యే తేడా మాత్రం గూడు. ఒకటి రాతి గుట్టల మీద, ఇంకొకటి చెట్ల మీద. శాస్త్రవేత్తలు ఒక జాతిని ఇంకో జాతి నుంచి వేరు చేసేటప్పుడు చూసిన సంగతిని మన పుస్తకం ఒక్క వాక్యంలో చెరిపేసింది.

బరువైన పక్షి, ఐదారు కిలోలు. నేల మీద నుంచి లేవాలంటే దానికి అవస్థ. నిటారు గుట్ట అంచున కూర్చుంటే ఎండకు రాయి వేడెక్కి, పక్కనుంచి గాలి పైకి లేస్తుంది. రెక్కలు చాచి ఆ గాలి మీదికి వాలితే చాలు, కొట్టాల్సిన పని కూడా పెద్దగా లేదు. గుట్ట నడుమ ఉన్న అరుగు దాకా నక్క రాదు, కుక్క రాదు. ఏడాదికి ఒక్కటే గుడ్డు పెట్టే పక్షి అట్లాంటి చోటు వెతుక్కోవడంలో వింత లేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. బల్లార్షాలో కాజీపేట వైపు వెళ్ళే బండి ఎక్కితే ఓ గంటా గంటన్నరలో సిర్పూర్ కాగజ్‌నగర్ వస్తుంది. మనలో చాలామందికి అక్కడ చుట్టాలున్నారు. మా మేనమామ వాళ్ళదీ ఆ వైపే. అక్కడి నుంచి ప్రాణహిత వైపు వెళ్తే బెజ్జూరు అడవులు. ఆ అడవుల్లో పెద్దవాగు మీద పాలరాపు గుట్ట అని నిటారుగా లేచిన రాతి గుట్ట ఉంది. తెలంగాణలో రాబందులు ఇక లేవు అనుకుంటున్న రోజుల్లో, 2013లో, ఆ గుట్ట మీద పొడుగుముక్కు రాబందులు గూళ్ళు పెట్టుకుని ఉండడం బయటపడింది. అప్పటి నుంచి అటవీశాఖ వాళ్ళు కాపలా పెట్టి చూసుకున్నారు. మా మామయ్య పనిమీద అటు వెళ్ళి చూసి వచ్చి చెప్పాడు: “గుట్ట మీద సున్నం పోసినట్టు తెల్లగ చారలుంటయి. అవి వాటి రెట్టలు. చారలు ఎక్కడ మొదలైతయో అక్కడ గూడున్నట్టు.” చూడండి, మా మామయ్య మూడు వాక్యాల్లో చెప్పింది మన విజ్ఞాన సర్వస్వం ఏడు వాక్యాల్లో చెప్పలేకపోయింది.

గుట్ట అని తెలిస్తేనే గుట్టను కాపాడతారు. చెట్ల మీద ఉంటుందని చదువుకున్న పిల్లవాడు రేపు పెద్దయి, ఏ కంకర క్వారీకో కాంట్రాక్టరయితే, ఎదురుగా ఉన్న రాతి గుట్టను చూసి “ఇక్కడ పక్షులేం ఉంటాయి, చెట్టే లేదు” అనుకుంటాడు. మన జిల్లాలో తవ్వడం అనేది రోజూ కళ్ళముందు చూసే పని. బొగ్గు గనులు చూస్తూ పెరిగిన మనకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. బెంగళూరు దగ్గర రామనగరలో ఇదే రకం రాబందులుండే గుట్టలున్నాయి. 1975లో వచ్చిన షోలే సినిమా అక్కడే తీశారు. గబ్బర్‌సింగ్‌ను అందరూ గుర్తుపెట్టుకున్నారు, ఆ గుట్టల సొంతదారులను ఎవరూ పట్టించుకోలేదు. 2012లో కర్ణాటక ప్రభుత్వం రామదేవర బెట్టను రాబందుల అభయారణ్యంగా ప్రకటించింది. అక్కడ కాపాడింది ముందు రాయిని.

ఇక మొదటి వాక్యం. “గ్రామాలన్నిటిలో సర్వసాధారణంగా కనిపించే.” అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే. మిగతావన్నీ తెలియక రాసినవి అనుకోవచ్చు. దీన్ని మాత్రం కిటికీలోంచి బయటికి చూసినా సరిచేసుకోవచ్చు.

మా నాయినమ్మ చిన్నప్పటి సంగతి అడిగితే ఇట్లా చెప్పింది: “బర్రె సస్తె ఊరవతల ఏసేటోళ్ళు బిడ్డా. పొద్దుగాల ఏస్తె పొద్దూకేటాళ్ళకు బొక్కలే మిగిలేటియి. ఆకాశం నిండ ఉండేటియి రాబందులు.” మా బాపు చిన్నప్పుడు చూశాడు. నేను పదిహేనేళ్ళలో మన ఊరి మీద ఒక్కటీ చూడలేదు. మీలో ఎంతమంది చూశారు? తరగతిలో అడిగాను. గద్దను చూసి రాబందు అనుకున్నవాళ్ళు ఉన్నారు, అంతే.

ఏమైంది మరి? 1990ల చివర్లో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల పార్కులో బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త విభు ప్రకాశ్ గారు, అంతకు పదేళ్ళ ముందు తాను లెక్కపెట్టిన గూళ్ళు సగం కూడా లేవని గమనించారు. పక్షులు మెడలు వాల్చి కూర్చుని, కూర్చున్నచోటే చచ్చి పడుతున్నాయి. ఏదో అంటురోగం అనుకున్నారు. పాకిస్తాన్‌లో చచ్చిన రాబందులను కోసి పరీక్షించిన లిండ్సే ఓక్స్, ఆయన సహచరులు 2004లో నేచర్ పత్రికలో అసలు కారణం చెప్పారు. అది అంటురోగం కాదు. పశువులకు నొప్పి, వాపు తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ అనే మందు.

అది ఎట్లా చంపుతుందో మన పుస్తకంలో ఉండాల్సింది, లేదు కాబట్టి నేను రాస్తాను. కుంటుతున్న ఎద్దుకు సూది వేస్తారు. ఎద్దు బతికితే గొడవ లేదు. రెండు మూడు రోజుల్లో చస్తే మందు ఇంకా దాని ఒంట్లోనే ఉంటుంది. ఆ మాంసం తిన్న రాబందు మూత్రపిండాలు పనిచేయడం మానేస్తాయి. యూరిక్ ఆమ్లం బయటికి పోలేక గుండె మీద, కాలేయం మీద సుద్దపొడిలాగా తెల్లగా పేరుకుంటుంది. పక్షి చచ్చిపోతుంది. ఒక కళేబరం మీద ఒకేసారి పదుల కొద్దీ రాబందులు వాలతాయి కాబట్టి, ఒక్క ఎద్దు చాలు. శాస్త్రవేత్తలు లెక్కగట్టింది ఏమిటంటే, నూటికి ఒక కళేబరంలో కూడా కాదు, అంతకన్నా తక్కువ కళేబరాల్లో ఈ మందు ఉన్నా ఇంత నాశనానికి సరిపోతుంది అని.

నాశనం ఎంతంటే, 1992 నుంచి 2007 లోపల మన దేశంలో తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గిపోయాయి. అంటే వెయ్యికి ఒకటి మిగిలింది. పొడుగుముక్కు, సన్నముక్కు రాబందులు కలిపి దాదాపు 97 శాతం పోయాయి. మన బడి మొత్తం ప్రార్థనకు నిలబడి ఉందనుకోండి. పదిహేనేళ్ళ తర్వాత చూస్తే వరుసలన్నీ ఖాళీ, ఒక మూల ఒకరు నిలబడి ఉన్నారు. అప్పుడు ఒక పుస్తకం వచ్చి “ఈ బడిలో పిల్లలు సర్వసాధారణంగా కనిపిస్తారు” అని రాస్తే ఎట్లా ఉంటుంది?

2006లో పశువులకు డైక్లోఫెనాక్ నిషేధించారు. అయినా మనుషుల కోసం తయారయ్యే పెద్ద సీసాలు పశువులకు వాడుతూనే వచ్చారు. అందుకే 2015లో మనుషుల ఇంజెక్షన్ సీసా మూడు మిల్లీలీటర్లు దాటకూడదని నియమం పెట్టారు. తర్వాత అదే పని చేసే ఇంకో రెండు మందులు, కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, 2023లో ఆగాయి. నిమెసులైడ్ 2024 చివర్లో ఆగింది. ఇదంతా గెజిట్లలో ఇంగ్లీషులో, హిందీలో ఉంది. ఎద్దుకు సూది వేయించే రైతు చదివే తెలుగులో ఎక్కడుంది? మా మామయ్య ఇంటి ఎదురుగా ఉండే ఒక రైతును “నీ ఎద్దుకు ఏం సూది వేయించినవ్” అని అడిగితే “నొప్పుల సూది” అన్నాడు. ఆయన తప్పేం లేదు. ఆయనకు ఎవరూ పేరు చెప్పలేదు. మెలోక్సికామ్ అనే మందు కూడా నొప్పికి పనిచేస్తుంది, రాబందుకు హాని చేయదు, ఇది పరీక్షించి తేల్చిన సంగతి. ఈ ఒక్క పేరు ఆ పేజీలో ఉండి ఉంటే, ఆ రైతు కొడుకు బడిలో చదివి ఇంటికి వెళ్ళి “బాపూ, ఆ సూది కాదు, ఈ సూది అడుగు” అని చెప్పి ఉండేవాడు. ప్రాణహిత ఒడ్డున అవి తినేది మన పశువులనే. నది ఇవతల చచ్చిన ఎద్దా, అవతల చచ్చిన ఎద్దా, మహారాష్ట్రదా, తెలంగాణదా అని పక్షి చూడదు.

వాసన సంగతి త్వరగా చెప్పేస్తాను. వాసన పట్టి తిండి వెతుక్కునేవి అమెరికాలో ఉండే టర్కీ రాబందులు. అవి వేరే కుటుంబం. మనవి కళ్ళతో వెతుకుతాయి. ఒకటి కిందికి దిగుతుంటే దూరాన తిరుగుతున్న ఇంకోటి చూసి వస్తుంది, దాన్ని చూసి మరోటి. బొమ్మ సంగతి కూడా అంతే. తల పక్కన చర్మం మడతలు మడతలుగా వేలాడే ఆఫ్రికా రాబందు బొమ్మ వేసి కింద “రాబందు” అని రాశారు. మన ఆవు గురించి రాసి జీబ్రా బొమ్మ వేస్తే ఊరుకుంటామా?

“రోగాలను వ్యాపింపజేస్తుంది” అన్నది మాత్రం వదలను. ఇది తలకిందులు. రాబందు కడుపులోని ఆమ్లం ఎంత గాఢమైనదంటే, మామూలు జంతువును చంపే సూక్ష్మజీవులు చాలావరకు అందులో చచ్చిపోతాయి. రోగం అక్కడితో ఆగిపోతుంది. రాబందులు పోయాక ఆ మాంసం ఊరకుక్కలకు, ఎలుకలకు మిగిలింది. కుళ్ళి నీళ్ళలో కలిసింది. 2024లో అనంత్ సుదర్శన్, ఎయల్ ఫ్రాంక్ అనే ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు అమెరికన్ ఎకనమిక్ రివ్యూ పత్రికలో ఒక లెక్క చూపించారు. పూర్వం రాబందులు బాగా ఉన్న జిల్లాలనూ, లేని జిల్లాలనూ పోల్చి చూస్తే, 2000 నుంచి 2005 వరకు మన దేశంలో సుమారు ఐదు లక్షల మంది మనుషులు అదనంగా చనిపోయారని. రోగాలు వ్యాపింపజేసే పక్షి పోతే మనుషులు ఎక్కువ బతకాలి గదా. ఎక్కువ చచ్చిపోయారెందుకు? ఆ వాక్యం రాసినవాళ్ళు దీనికి జవాబు చెప్పాలి.

ఇక తిట్లు. “అసహ్యంగా” అట. కళేబరం లోపలికి తల పెట్టి తినే పక్షికి తల నిండా ఈకలుంటే రక్తం అంటుకుని కుళ్ళిపోతుంది. బోడితల దానికి శుభ్రత, ఎండలో ఒంటి వేడి తగ్గించుకునే ఉపాయం కూడా. మా ఇంట్లో వంట చేసేటప్పుడు అమ్మ కొంగు బిగించి, జుట్టు ముడేసుకుంటుంది. దాన్ని ఎవరైనా అసహ్యం అంటారా?

“అత్యాశ గల పక్షి” అట. మన మాటల్లో కూడా ఇదే ఉంది. లంచాలు తినేవాణ్ణి, వడ్డీలు పిండేవాణ్ణి “రాబందులాగా పీక్కుతింటున్నాడు” అంటాం. పేపర్లలో, మీటింగుల్లో రోజూ వింటాం. నాకు ఇది ఎప్పుడూ అర్థం కాదు. రాబందు చచ్చినదాన్ని తింటుంది. వడ్డీ వ్యాపారి బతికున్నవాణ్ణి తింటాడు. ఇద్దరిలో ఎవరిని చూసి ఎవరికి పేరు పెట్టారు?

అసలు తమాషా ఇంకోటి ఉంది. ఇదే సెట్టులో ‘జ’ అక్షరం సంపుటం తీసి “జటాయువు” చూడండి. సీతమ్మను రావణుడు ఎత్తుకుపోతుంటే అడ్డుపడి, రెక్కలు తెగి ప్రాణాలిచ్చిన మహనీయుడని నిండు పేరా రాశారు. మన లేపాక్షిలో ఆయన పడ్డాడని జనం చెప్పుకునే కథ కూడా ఉంది. వాల్మీకి జటాయువును గృధ్రరాజు అన్నాడు. గృధ్రం అంటే రాబందే. హిందీ గిద్ధ్ దానిలోంచి వచ్చిందే. మన మరాఠీ స్నేహితులు గిధాడ్ అనేదీ ఈ పక్షినే. ఒకే సెట్టు, ‘జ’ లో దండం పెట్టింది, ‘ర’ లో ఛీ అంది. రెండు పేజీలూ ఒకే మనిషి చదివి ఉండడు అనుకుంటాను.

“అశుభానికి గుర్తు” అని రాస్తే, పిల్లలకు ఆ పక్షి మీద జాలి పుట్టకముందే భయం పుడుతుంది. అశుభం అనుకున్నది పోతే ఎవరూ ఏడవరు. పులికి ఆ కష్టం లేదు. మన తాడోబా పులులకు పేర్లున్నాయి, ఫొటోలున్నాయి, వాటిని చూడడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చి జీపులు ఎక్కుతారు. మంచిదే. కానీ అదే తాడోబాకు 2024 జనవరిలో హర్యానాలోని పింజోర్ పెంపక కేంద్రం నుంచి పది తెల్లవీపు రాబందులను తెచ్చారని ఎంతమందికి తెలుసు? మహారాష్ట్ర అటవీశాఖ, బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ కలిసి చేసిన పని. మొదట పెద్ద పంజరంలో ఉంచి, మన ఎండకు, గాలికి అలవాటు చేసి, వీపున చిన్న జీపీఎస్ యంత్రం కట్టి వదిలారు. వాటిలో ఒకటి రాష్ట్రాలు దాటుకుంటూ తమిళనాడు దాకా ఎగిరి వెళ్ళింది. అక్కడ కరెంటు తీగ తగిలి చచ్చిపోయింది. పంజరంలో పుట్టి పెరిగిన పక్షి అంత దూరం పోగలిగింది. పెద్దవాళ్ళు గమనించాలి, మన జిల్లా నుంచి బయల్దేరిన ఆ ప్రయాణికురాలి గురించి మన క్విజ్‌లో ఒక్క ప్రశ్న లేదు. “చెట్ల మీద” మాత్రం ఉంది.

“మనుషులకే దిక్కు లేదు, పక్షుల గోలేంటి” అని ఒక పెద్దాయన అన్నారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది. మన ఊళ్ళో బొగ్గు దుమ్ము, మే నెల ఎండ, గని పనులు, ఇవన్నీ నిజమైన కష్టాలే. కానీ నేను అడిగేది డబ్బు కాదు, రోడ్డు కాదు, ఎవరి నోటి కూడూ కాదు. ఒక పేజీ సరిచేయమని. పైగా ఐదు లక్షల మంది లెక్క పక్షులది కాదు, మనుషులది.

“పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నదే రాయాలి” అనేవాళ్ళు ఇంకా గట్టివాళ్ళు. వాళ్ళకు నా జవాబు ఒక ప్రశ్న. పుస్తకంలో అచ్చుతప్పు పడి చంద్రపూర్ తమిళనాడులో ఉందని వస్తే, మార్కుల కోసం అట్లాగే రాయమంటారా? రాయమనరు. ఎందుకంటే చంద్రపూర్ ఎక్కడుందో మీరు చూశారు. పాలరాపు గుట్టను కూడా చూసినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మాట కూడా వినాలి.

చోటు చాలక రాయలేదు అంటారేమోనని, నేను కూడా ఏడు వాక్యాల్లోనే రాసి చూశాను:

“రాబందు చనిపోయిన జంతువులను తిని ఊళ్ళను శుభ్రంగా ఉంచే పెద్ద పక్షి. రెక్కలు చాచితే రెండు మీటర్ల పైన ఉంటుంది. మన దేశంలోని తొమ్మిది రకాల్లో ఐదు రాతి గుట్టల మీద, నాలుగు చెట్ల మీద గూళ్ళు పెడతాయి. ప్రాణహిత తీరంలోని పాలరాపు గుట్ట మీద గూళ్ళు పెట్టిన పొడుగుముక్కు రాబందు ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. ఒకప్పుడు ప్రతి ఊళ్ళో కనిపించేది, పశువులకు ఇచ్చిన డైక్లోఫెనాక్ మందు వల్ల 1990ల నుంచి దాదాపు కనుమరుగైంది. పశువులకు ఆ మందును 2006లో నిషేధించారు, దాని బదులు మెలోక్సికామ్ వాడాలి. రామాయణంలో జటాయువు ఈ పక్షే.”

వ్యాకరణం మా తెలుగు టీచర్ గారు చూశారు. “కనుమరుగైంది” దగ్గర వాక్యం రెండుగా విడగొట్టమన్నారు, విడగొడితే ఎనిమిది అవుతాయని నేను ఒప్పుకోలేదు.

దీన్ని ఉత్తరంగా రాసి ప్రచురణకర్తలకు పోస్టు చేసి మూడు నెలలు దాటింది, జవాబు రాలేదు. మళ్ళీ రాస్తాను. ఈసారి నాతోపాటు సంతకాలు పెట్టేవాళ్ళు కావాలి, తల్లిదండ్రులు పెడితే ఇంకా మంచిది. పశువులున్న ఇళ్ళవాళ్ళు ముందు పెట్టండి. ఉత్తరం నకలు గ్రంథాలయంలో ‘ర’ సంపుటంలో ఆ పేజీలోనే మడిచి ఉంచాను, మేడం గారు అనుమతి ఇచ్చారు. సంతకాలకు కింద గీతలు కొట్టి ఉన్నాయి. మీకు ఆ సెట్టులో ఇంకా ఏమైనా తప్పులు కనబడితే వెనకవైపు రాయండి, కాగితం ఖాళీగానే ఉంది. గబ్బిలం గురించి ఉన్న పేజీ కూడా ఒకసారి చూడండి.